కట్ట తొవ్వ చెప్పిందెవరు?

“గీడనేనా సారూ?”

కొమురవ్వ కారు దిగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అద్దంలోంచే అడిగింది.

“ఈడనే అవ్వా. నువ్వు దిగకున్నా ఏం కాదు,” అన్నాడు కైలాసం.

“దిగుత. ఇంత దూరం వచ్చింది కార్ల కూసునేతందుకా?”

కైలాసం కరీంనగర్‌లో ప్రైవేటు డిటెక్టివ్. రోడ్డు ప్రమాదాల్లో నిజం చెప్పేవాణ్ణీ, అల్లి చెప్పేవాణ్ణీ వేరుచేయడం ఆయన బతుకుతెరువు. ఈ కేసు ఫోన్లో రాలేదు. వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. “నా కొడుకు తప్పు లేదని ఎవలన్న తేల్చేదాక లేవ” అని కొమురవ్వ భీష్మించుకుంది. ఎన్ని చెప్పినా లేవలేదు. చివరికి ఆయనే లేచాడు.

పైకి చూస్తే కేసు చిన్నదే. పెద్దపల్లిలో రహమాన్‌కు మూడు లారీలున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో వరికోత మిషన్ ఎక్కించి ఊళ్లు తిప్పుతాడు. అందులో ఒక లారీ తెల్లవారుజామున లక్సెట్టిపేట దగ్గరి పొలాలకు బయల్దేరింది. డాంబర్ రోడ్డునే పోవలసింది, ధర్మారం దాటాక ఎందుకో కాలువ కట్ట ఎక్కింది. కట్ట మీద కిందికి వేలాడుతున్న కరెంటు వైరు మిషన్‌కు అడ్డం వచ్చింది. హెల్పర్ సంపత్ మిషన్ పైకెక్కి వైరు ఎత్తబోయి, షాక్ కొట్టి అక్కడికక్కడే పోయాడు. ఆ కంగారులో ముందు చక్రం కట్ట జారింది. డ్రైవర్ విక్కికి భుజం విరిగింది.

ఎవరడిగినా విక్కి చెప్పింది ఒకటే మాట: “సంపతే కట్ట మీదికి తిప్పమన్నడు.”

చచ్చినవాడు లేచివచ్చి కాదనడు. ఊరు ఆ మాటే పట్టుకుంది. కోతల కాలంలో మిషన్ పండబెట్టిండు, వాని తెలివికి మా వడ్లు వానకు మొలకలెత్తినయి అని బోరింగు దగ్గర కొమురవ్వ ముఖం మీదే అన్నారు. దినాలకు పిలిస్తే సగం ఇండ్ల వాళ్లు రాలేదు. ఇప్పుడు బీమా కంపెనీ తరఫున విచారించిన విద్యాధర్ కూడా అదే రాసిపెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆ రిపోర్టు కంపెనీకి చేరుతుంది. చేరితే, తప్పు సంపత్‌దేనని ముద్ర పడిపోతుంది.

కైలాసం కట్ట మీద నడిచాడు. ‘భారీ వాహనములు నిషేధము’ అన్న బోర్డు మలుపు దగ్గరే ఉంది. లారీ జారిన చోట మట్టి ఇంకా పెళ్లలుగా లేచి ఉంది. తలెత్తి చూస్తే వైరు. అదే చోట, అదే ఎత్తులో. కట్టిన తాడు మాత్రం కొత్తది.

పక్కనే వేపచెట్టు. మనిషి ఎత్తులో ఒక కొమ్మ విరిచిన గాయం కనిపించింది. ముడి దగ్గర బెరడు కిందిదాకా చీరుకుపోయింది. కత్తితో నరికింది కాదు, చేత్తో పట్టి గుంజింది. కైలాసం కట్ట కిందికి దిగి గడ్డిలో వెతికాడు. ఆకులు ఎండి రాలిన కొమ్మ దొరికింది. కొస నల్లగా కాలి ఉంది.

కొమురవ్వ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది. “గీ కొమ్మతోనా ఎత్తింది?”

“అట్లనే కనబడుతుంది.”

“పచ్చి కొమ్మ! వానవడ్డ తెల్లారి! బట్టలు ఆరేసే దండెం మీద వైరు వడితే, అవ్వా ఎండు కట్టె లేకుంట ముట్టకని నాకు చెప్పేటోడు సారూ వాడు.”

“చేతిల ఎండు కట్టె లేదు అవ్వా. ఎందుకు లేదన్నదే నాకు కావాలి.”

“పత్రికోళ్లా?”

గొంతు వెనక నుంచి వచ్చింది. పొలం గట్టు మీంచి ఒక పెద్దమనిషి ఎక్కి వస్తున్నాడు. తెల్ల చొక్కా, మోకాళ్లదాకా మడిచిన పంచె, భుజం మీద తువ్వాల. “జగన్మోహన్‌రావు. రాచపల్లె. ఈ కింది మడి మాదే,” అన్నాడు అడగకముందే. ఆ పేరు విన్నాక ఎదుటివాడు కాస్త సర్దుకుని నిలబడతాడని అలవాటు పడిన మనిషి.

కైలాసం సర్దుకోలేదు గానీ, పేరు విని ఒక్క క్షణం ఆగాడు. “ఈ వైరు ఎవరిది రావు గారూ?”

రావు చూపు కాలువ మీదికి పోయింది. “నాలుగు మోటర్లకు గదే. అండ్ల నాది గూడ ఉన్నది. మొన్న తీసేసినం. మల్ల మక్క చేన్లు ఎండుతున్నయని…” మాట అక్కడ మింగి, వెంటనే గొంతు పెంచాడు. “అయినా గా లారీ కట్టెక్కుడేంది? బోర్డు ఉండనే ఉన్నది గద! లారీలు తోలేటోళ్లకు సదువా, తెలివా? తొవ్వ చెప్పే మిషన్ల ఆడిమనిషి గొంతు ఎటు చెప్తే అటు గుడ్డిగ పోవుడే. పైనున్నోడు తాగి ఉంటడు, తోలేటోడు నిద్రల ఉంటడు.”

కొమురవ్వ చేతిలోని కొమ్మను వీపు వెనకకు దాచుకుంది, అదేదో తన తప్పయినట్టు.

“ఈమె ఎవలు?” అన్నాడు రావు.

“ఆ పిల్లగాని తల్లి,” అన్నాడు కైలాసం.

రావు భుజం మీది తువ్వాల తీసి చేతిలో నలిపాడు. “అమ్మా… గా బావి కాడ నీడున్నది. నీళ్లు తెప్పిస్త.”

“వద్దు,” అంది కొమురవ్వ.

తర్వాత కైలాసం, ఏమీ పట్టనట్టు, “మీ ఊరి మీది నుంచి పోతే లారీకి ఏమన్న ఇబ్బందా?” అని అడిగాడు.

“ఇబ్బందేంది! ఇంత ఎడల్పు రోడ్డు.” మాట మారినందుకు రావు ముఖం తేటపడింది. “కాకపోతే మా ఊరోళ్లే ఇబ్బంది. కోత మిషన్ ఊర్లకొస్తే ఇడిసిపెడ్తమా? చౌరస్తాల అడ్డం నిలవడుతం. డోర్ గుంజి, డ్రైవర్‌ను కిందికి దింపి, చాయ్ తాపి, మా మడి ఎన్నడు కోస్తవో చెప్పి కదులు అంటం. అందరికన్న ముందు నేనే ఉంట.”

“మిషన్ మాట్లాడిపెట్టేటందుకు కొడుకులు లేరా?”

“ఒక్కడే. విక్రాంత్. కరీంనగర్ల పెద్ద కంపెనీల మేనేజరు. వానికి గివన్ని యాడ తెలుస్తయి?”

కైలాసం ఆయన ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు. ఎందుకంటే, వైరు గురించి మాట్లాడాలన్నాడు. రావు నంబరు చెప్పి, కొమురవ్వ వైపు చూడకుండానే గట్టు దిగిపోయాడు.

కట్ట ఆ చివర దాకా పోయి చూశాడు కైలాసం. అది మళ్లీ డాంబర్ రోడ్డులోనే కలుస్తుంది. దూరం పెద్దగా తగ్గదు. కారు ఎక్కాక కొమురవ్వ అడిగింది, “ఏమన్న తెలిసిందా సారూ?”

“ఈ కట్ట మీద పోతే ఒక్క ఊరే తప్పుతది అవ్వా. రాచపల్లె. ఆ ఊరు ఎవరికి తప్పాలెనో తెలిసింది.”

*

పెద్దపల్లిలో రహమాన్ షెడ్డు ముందు విద్యాధర్ కారు అప్పటికే ఆగి ఉంది. విద్యాధర్ ఒకప్పుడు కైలాసం దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంత ఏజెన్సీ, ఏసీ ఆఫీసు, నలగని చొక్కా. గురువును చూసి కుర్చీలోంచి సగం లేచాడు, సగంలోనే ఆగి కూర్చున్నాడు.

“రా అన్నా. నీ క్లయింటును గూడ పట్టుకొచ్చినవా? మంచిదే. రిపోర్టు సదివి ఇనిపిస్త, ఆమె గూడ ఇంటది.”

“కట్ట మీదికి పోయినవా?” అన్నాడు కైలాసం.

“ఫోటోలు తెప్పించుకున్న.”

“ఫోటోల వేపచెట్టున్నదా?”

“వేపచెట్టా?” విద్యాధర్ నవ్వాడు. “అన్నా, నువ్వింక చెట్లు, పుట్టలు చూసుకుంటనే కేసులు చేస్తున్నవా? డ్రైవర్ స్టేట్‌మెంట్ ఉన్నది. ప్రమాదం ఉన్నది. ఇంకేం గావాలె?”

కైలాసం స్టూలు లాక్కుని విక్కి ఎదురుగా కూర్చున్నాడు. విక్కి టైర్ల గుట్ట మీద ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. చేయి మెడకు వేలాడదీసిన గుడ్డలో ఉంది. కొమురవ్వ లోపలికి వస్తుంటే అతను తల ఎత్తలేదు. ఆమె గోడ పక్కన నేల మీద కూర్చునేదాకా ఎత్తలేదు.

“మలుపు దగ్గర సంపత్ ఎక్కడున్నడు?”

“పైన. మిషన్ మీద.”

“పైనుంచి నీకెట్ల చెప్పిండు?”

“క్యాబిన్ మీద రెండు దెబ్బలు కొట్టి, ఎడమకు అన్నడు.”

“ఎందుకన్నడు?”

“దగ్గరి తొవ్వ అన్నడు. వానికెరుకనే గా కట్ట.”

“వైర్లున్నయని గూడ ఎరుకనే?”

విక్కి ఒక క్షణం తడబడ్డాడు. “ఎరుకుంటది… ఉండొచ్చు.”

కైలాసం షెడ్డు మూలకు చూశాడు. గోడకు ఆనించి ఒక పొడవాటి వెదురు కట్టె ఉంది. కొసన చీలిక చేసి, రబ్బరు ట్యూబు ముక్క చుట్టారు. “రహమాన్ భాయ్, ఇదేంది?”

రహమాన్ తెల్లగడ్డం, టోపీ, నూనె మరకల లుంగీ. అలసిపోయిన మనిషి. “వైరు కట్టె సాబ్. ఊర్ల తొవ్వల వైర్లు కిందికుంటయి గద. హెల్పర్ మిషన్ మీద నిలవడి దీంతోని వైరు ఎత్తుతడు, లారీ కింది నుంచి ఎల్లిపోతది. ఎండిన వెదురు, షాక్ రాదు.”

“ఆ రోజు ఇది లారీల ఎందుకు లేదు?”

“సంపతే ఇడిసిపోయిండు. మెయిన్ రోడ్డే గద చాచా, వైర్లు ఎత్తుగుంటయి, ఇది పైన ఊకె దొర్లుతది అన్నడు.”

“విన్నవా విద్యాధర్?” కైలాసం వెనక్కి తిరగలేదు. “వైర్ల తొవ్వ పట్టాలని మనసుల ఉన్నోడు వైరు కట్టెను ఈ షెడ్ల పెట్టిపోయిండు. పోయి, కట్ట మీద వేపకొమ్మ విరుచుకున్నడు. పచ్చిది. కొస కాలిపోయి ఉన్నది, కార్ల పెట్టుకొచ్చిన. చూస్తవా, ఫోటో తియ్యాల్నా?”

విద్యాధర్ ముఖం ఎర్రబడింది. “మరిచిపోయి ఉంటడు. లేకపోతే సగం తొవ్వల ఆలోచన మారి ఉంటది. సరే, సంపత్ చెప్పలేదే అనుకుందాం. అప్పుడు తప్పు గా తొవ్వ చెప్పే మిషన్‌ది. లారీని కట్టెక్కించింది గదే అని రాస్త. సంతోషమా?”

“లే సాబ్!” రహమాన్‌కు కోపం వచ్చింది. “గట్ల రాయకుండ్రి. అందరి ఫోన్లల్ల ఉండే మ్యాపు లారీని కారనుకుంటది. పోయినేడు గదే నమ్ముకుంటే మంథని దిక్కు ఓ గల్లీల దూరిపిచ్చింది. రెండిండ్ల అరుగులు వాయె. జనం గుమిగూడి నవ్విండ్రు. ఇజ్జత్ వోయింది నాది. అప్పుడు తిరిగి తిరిగి, పదిమంది డ్రైవర్లను అడిగి, లారీలకనే చేసింది తెచ్చిన. ఎంత ఎత్తు, ఎంత పొడుగు, ఎంత బరువు అన్ని అడుగుతది. ఇరుకు తొవ్వకు పంపదు. బోర్డున్న కట్టకు అసలే పంపదు. ఇంకోటి, అది చెప్పిన తొవ్వ ఇడిసి లారీ పక్కకు వోయిందనుకో, నా ఫోన్ల గంట మోగుతది.”

“ఆ రోజు మోగిందా?” అన్నాడు కైలాసం.

రహమాన్ ఆగిపోయాడు. “…లే.”

“లారీ కట్టెక్కింది. గంట మోగలేదు. అంటే?”

“అంటే… మిషనే చెప్పినట్టు. కాని అది లారీకి గట్ల చెప్పదు సాబ్!”

“లారీ అని తెలిస్తే చెప్పదు. ఫోన్ ఇటివ్వు.”

లారీలో బిగించిన దారి చెప్పే మిషన్ ఆ రోజే పగిలిపోయింది గనక ఎవరూ దాని జోలికి పోలేదు. కానీ రహమాన్ ఫోన్లో అదే ఖాతా ఉంది. కైలాసం లోపలికి పోయి, బండి వివరాలు రాసి ఉండే చోట వేలు ఆపాడు. అందరికీ కనపడేలా తిప్పి చూపించాడు. ఎత్తు లేదు, పొడుగు లేదు, బరువు లేదు. చిన్న కారు బొమ్మ ఉంది.

“యా అల్లా,” అన్నాడు రహమాన్. “ఎవడు జేసిండు గీ పని?”

“విక్రాంత్,” అన్నాడు కైలాసం మెల్లగా.

ఆ షెడ్డులో అందరూ విక్కి అనే పిలిచేవారు. అసలు పేరు వినగానే అతను కొట్టినట్టు ఉలిక్కిపడ్డాడు.

“కేసు కాగితాలల్ల నీ లైసెన్సు చూసిన. తండ్రి పేరు గూడ చూసిన. పొద్దున ఆయనతోనే మాట్లాడొచ్చిన. రాచపల్లె చౌరస్తాల కోత మిషన్‌కు అందరికన్న ముందు అడ్డం నిలవడేది ఎవరో నీకు తెలుసు గద?”

విక్రాంత్ మంచి చేత్తో ముఖం కప్పుకున్నాడు. మాటలు ఆ చేతి వెనక నుంచే వచ్చాయి.

“డోర్ తీస్తడు సార్. తీస్తే నేనుంట… ఊరంత ఉంటది అక్కడ. జగన్మోహన్‌రావు దొర కొడుకు సాయిబు లారీ తోలుతుండు అంటరు. నేను మేనేజర్‌నని చెప్పుకుంట తిరుగుతడు బాపు. కంపెనీ బందయి ఎన్నాళ్లయిందో ఆయనకు తెల్వదు. వేరే దిక్కు ఎటు పంపినా పోయిన. ఆ దిక్కు ఆ రోజే మొదటిసారి. మొఖానికి తువ్వాల కట్టుకుంటనన్న దాగుతుంటి. కోత మిషన్ ఎట్ల దాగుతది?”

“తొవ్వ ఇడిస్తే గంట మోగుతది.”

“అందుకే కారని పెట్టిన. అప్పుడు అదే కట్ట చూపిస్తది. ఒక్క ఊరు దాటినంక మల్ల లారీ అని పెడుదామనుకున్న.”

“సంపత్ పైన ఉన్నడా?”

విక్రాంత్ తల అడ్డంగా ఊపాడు. “పక్క సీట్ల నిద్రవోయిండు. కట్టెక్కినంక లేసిండు. అన్నా గిటేంది, కట్టె తేలే గద అన్నడు. ఏం కాదు, మెల్లగ పోదమన్న. వైరు అడ్డం వచ్చింది. ఎనకకు తీస్తే చక్రం జారుతది. నువ్వు దిగకు అన్నా, నేను జూస్తనని ఎక్కిండు.”

“వాని మీద ఎందుకు పెట్టినవ్?”

“ఎందుకు తిప్పినవని అడుగుతరు గద సార్. ఎందుకో చెప్పాలె గద. గది చెప్పలేక… సంపత్ అన్న. ఒక్కసారి అన్నంక మల్ల ఎనకకు తీసుకోరాలే.”

కొమురవ్వ తిట్టలేదు, శాపం పెట్టలేదు. గోడకు ఆనుకుని అతన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపును తట్టుకోలేక విక్రాంత్ టైర్ల మీంచి దిగి నేల మీద కూలబడ్డాడు.

విద్యాధర్ గొంతు సవరించుకున్నాడు. కాగితాలు సర్దుతున్న చేతుల్లో ఇందాకటి దర్జా లేదు. “అన్నా… రిపోర్టు ఇంక పంపలేదు. మారుస్త. కట్ట మీదికి గూడ వోతా.”

“ఆగు.” కైలాసం ఇంకా ఫోన్ వైపే చూస్తున్నాడు. కారు బొమ్మ మీంచి ఆయన కన్ను కదలలేదు. “రహమాన్ భాయ్, మూడు లారీలకు మూడు ఖాతాలా?”

“లే సాబ్, ఒకటే. ఒక కాడ మారిస్తే అన్నిట్ల మారుతది. మల్ల మల్ల రాసే పరేషాన్ ఉండదని…”

“మిగిలిన లారీలు ఎక్కడున్నయి?”

“ఒకటి గీడనే, ఎనక షెడ్ల ఉన్నది. సంపత్ దినాలయ్యేదాక ఏ బండి కదలొద్దన్న. గియ్యాలనే మొదలు. ఇంకోటి సుల్తానాబాద్ కాడి పొలంల మిషన్‌ను ఎక్కించుకుని పోయింది. హనుమండ్లు తోలుతుండు. కొత్తోడు, భైంసా దిక్కోడు, గీ తొవ్వలు ఎరుకలేవు. అందుకే మా కొడుకు ముకర్రంను హెల్పర్‌గ తోలిచ్చిన.” కైలాసం ముఖం చూసి రహమాన్ ధైర్యం చెప్పబోయాడు. “ఫికర్ లేదు సాబ్. పొద్దటి సంది ఫోన్ చూస్తనే ఉన్న. గంట మోగలే. మంచి తొవ్వలనే పోతున్నరు.”

ఆ మాట అన్నాక, అన్న మాట తనకే వినపడింది రహమాన్‌కు.

“ఎక్కడికి పోతున్నరు?” అన్నాడు కైలాసం.

“లక్సెట్టిపేట. గప్పుడు కోయలేకపోయిన గవే పొలాలు…”

ఫోన్ తెర మీద చిన్న నీలి చుక్క కదులుతోంది. ధర్మారం దాటేసింది. దాని ముందు గీసి ఉన్న దారి డాంబర్ రోడ్డును వదిలి, సన్నగా, కాలువ పక్కకు ఒరిగింది.

రహమాన్ కొడుక్కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. లారీ మోతలో, మిషన్ మీద నిలబడ్డవాడికి ఏం వినపడుతుంది? హనుమండ్లుకు చేశాడు. ఎత్తలేదు. “తోలేటప్పుడు ఎత్తొద్దని నేనే ఒట్టేయించుకున్న,” అన్నాడు రహమాన్. కైలాసం కారు బొమ్మ తీసి లారీ బొమ్మ పెట్టాడు. దారి మారలేదు. నడుస్తున్న ప్రయాణం ముగిసి, మళ్లీ బయల్దేరినప్పుడే అది కొత్త లెక్క అందుకుంటుంది.

“లారీల వైరు కట్టె ఉన్నదా?” అన్నాడు విద్యాధర్.

ఉన్న ఒక్క కట్టె మూలన గోడకు ఆని ఉంది.

కైలాసం తన ఫోన్ తీసి, పొద్దున రాసుకున్న నంబరు తెరిచి, విక్రాంత్ ముందు పెట్టాడు. “ఆ వైరు దగ్గర ఇప్పుడు మనకు తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నడు. నేను చేస్తే ఎవరు, ఏందని అడుగుతడు. నమ్మేసరికి అయిపోతది. నువ్వు చెయ్యి.”

విక్రాంత్ ఆ ఫోన్‌ను నిప్పును చూసినట్టు చూశాడు. తర్వాత రహమాన్ వైపు చూశాడు. ఆయన రెండు చేతులు జోడించి నిలబడ్డాడు, అంతే.

స్పీకర్లో రెండుసార్లు మోగింది.

“ఎవలు?”

“బాపూ. నేను.”

“గీ నంబరెవలిదిరా? ఆఫీసుల లేవా?”

విక్రాంత్ తెర వైపు చూశాడు. చుక్క మలుపు దగ్గరికి వచ్చింది.

“బాపూ, నాకు ఆఫీసు లేదు. నేను లారీ తోలుత. మొన్న కట్ట మీద పిలగాడు సచ్చిన లారీ తోలింది నేనే. మన ఊరి మీది నుంచి రాలేక, నీ కంట్ల వడలేక, నేనే కట్టెక్కిచ్చిన.”

అటు నుంచి ఊపిరి ఒక్కటే వినపడింది.

“ఇంకో లారీ ఇప్పుడు గదే కట్టెక్కుతుంది బాపూ. పైన మా సేటు కొడుకున్నడు. చేతుల కట్టె లేదు. ఫ్యూజులు పీకే టైం లేదు. ఆపాలె.”

మళ్లీ అదే ఊపిరి.

“ఏ రంగు లారీ?” అన్నాడు జగన్మోహన్‌రావు.

“పచ్చది. ఊకె చెయ్యెత్తితే ఆగడు బాపూ. మడి కొయ్యమని అడ్డం వచ్చినవనుకుంటడు. కొత్తోడు, నువ్వెవలో తెల్వదు. నా పేరు చెప్పు. డ్రైవర్ విక్కి బాపునని చెప్పు. గప్పుడే ఆపుతడు.”

ఫోన్ పెట్టిన చప్పుడు లేదు. చెప్పుల చప్పుడు వచ్చింది. గడ్డి రాసుకున్న చప్పుడు. పక్కన ఎవరో కూలోళ్లు “ఏమైంది దొరా?” అని అరిచారు. ఎగపోస్తూ పరుగెడుతున్న చప్పుడు. ఆ వెనక లారీ ఇంజను, దూరంగా మొదలై దగ్గరైంది. హారన్.

“ఆపు! ఏయ్, ఆపు!”

హారన్ ఆగలేదు. పక్కకు తప్పుకో పెద్దమనిషీ, ఇయ్యాల కాదు అని ఎవరో గట్టిగా అరిచారు.

“ఆపురా! నేను… నేను విక్కి బాపును! డ్రైవర్ విక్కి బాపును!” గొంతు చీలింది. ఇంకోసారి, ముందుకంటే పెద్దగా, పొలాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ వినేలా: “లారీ డ్రైవర్ విక్కి బాపును నేను!”

బ్రేకులు కీచుమన్నాయి. ఇంజను దడదడా కొట్టుకుని ఆగింది. “ఏమైంది చాచా?” అని పైనుంచి ముకర్రం గొంతు వినిపించింది.

రహమాన్ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. “దిగమను… వాన్ని ముందు కిందికి దిగమను,” అంటూనే ఉన్నాడు. కైలాసం ఫోన్లో వంగి, లారీని అక్కడి నుంచి అంగుళం కదపొద్దని, ముకర్రంను కిందికి దించమని చెప్పాడు. అటు నుంచి జగన్మోహన్‌రావు “ఊఁ” అన్నాడు. కొడుకుతో ఇంకేమీ అనలేదు. లైను తెగింది.

విద్యాధర్ తన కాగితాలు నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

కొమురవ్వ లేచి వచ్చింది. విక్రాంత్ ఆమె కాళ్ల వైపు వంగాడు. ఆమె వెనక్కి జరిగింది.

“నా కాళ్లెందుకు? లెవ్వు. మీ బాపుకు చెప్పినవ్. ఆయన పదిమందిల అన్నడు. సాయిబు కొడుకు బతికిండు. మంచిదే. నా కొడుకు పేరు ఎవలనాలె?”

“అవ్వా, నేను వచ్చి… ఊర్లకొచ్చి చెప్త…”

“వస్తవో, రావో. నీ సిగ్గు నీకు మల్లొస్తది.” కొంగు ముడి విప్పి తన బటన్ల ఫోన్ తీసింది. “మా ఊర్ల బోరింగు కాడ కిరాణం కొట్టున్నది. గీ యాళకు అందరు ఆడనే ఉంటరు. నంబరు గీ ఫోన్లనే ఉన్నది. ఇప్పుడు చెయ్యి. అందరికి ఇనపడేటట్టు.”

ఆమె మీట నొక్కి ఫోన్ అతని నోటి దగ్గర పట్టుకుంది. అటు నుంచి పది గొంతులు, నవ్వులు, తూకం రాళ్ల చప్పుడు. “హలో, ఎవలు?” అన్నారెవరో.

విక్రాంత్ తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. ఊరు పేరు చెప్పాడు. లారీ తోలుతానని చెప్పాడు.

“జర అందరిని సప్పుడు చెయ్యొద్దనుండ్రి,” అన్నాడు. “సంపత్ గురించి చెప్పాలె.”